పై అరలో కోతి కణాలు, కింది అరలో కణితులు

నేను ఒక డీప్ ఫ్రీజర్‌ని. విశాఖలోని ఒక క్యాన్సర్ పరిశోధనశాలలో పద్నాలుగేళ్లు నిలబడ్డాను. మోటారు ఒక్కరోజు ఆగి ఎరుగదు.

ప్రొఫెసర్ శరభయ్య నా పై అరలో కోతి వైరస్ ఎక్కించిన కణాలనూ, కింది అరలో పిల్లల మెదడు కణితుల ముక్కలనూ దాచేవాడు. అరవై ఏళ్ల కిందట పోలియో మందును కోతి మూత్రపిండాల కణాల్లో తయారు చేసినప్పుడు, కొంత మందులో ఆ వైరస్ కలిసిపోయింది. అది మనుషులకు క్యాన్సర్ తెస్తుందా అన్నది తేలని ప్రశ్న. తేల్చే ఓపిక ఆయనకు లేదు. కణితుల్లో వైరస్ జాడ కనబడగానే విలేకరులను పిలిచాడు. పత్రికల్లో 'అరవై ఏళ్ల కిందట' అన్న మాట ఎగిరిపోయి, 'పోలియో చుక్కలతో క్యాన్సర్' అన్నది మిగిలింది.

మర్నాడే పైడమ్మ వచ్చింది. ఆమె కూతురు హారిక కణితి నా దగ్గరే ఉంది. పిల్ల లేదు.

"నా సేతుల్తోనే సుక్కలేయించినానమ్మా. నేనే సంపేసినానా?" అంటూ పరిశోధకురాలు మేరీ సుగుణ ముందు కూలబడింది. "సిన్నోడికి ఏయించను. నర్సమ్మొస్తే తలుపేసేసినాను."

సుగుణ పరీక్షలన్నీ మళ్లీ చేసింది. పోల్చి చూడటానికి పెట్టిన, కణితి లేని ఉత్త నీళ్ల గొట్టంలోనూ వైరస్ కనబడింది! కోతి కణాలను పీల్చి తీసిన పిపెట్‌తోనే కణితులనూ ముట్టుకున్నారు మరి; వైరస్ అలా అంటుకుంది. ఆసుపత్రిలో మిగిలిన హారిక కణితి ముక్కను వేరే ల్యాబుకు పంపితే, ఏ వైరసూ లేదని తేలింది.

"నీళ్ల గొట్టం సంగతి ఎక్కడా రాయకు," అన్నాడు శరభయ్య.

"ఆ తల్లికి మీరు చెప్తారా సార్, నన్ను చెప్పమంటారా?"

ఆయన గది తలుపు వేసుకున్నాడు.

సుగుణే పైడమ్మను పిలిపించి చెప్పింది. "తప్పు మాది. ఇప్పటి చుక్కల్లో ఆ వైరస్ లేదు. నీ తప్పు అసలే లేదు."

పత్రికలకూ రాసింది. ఎవరూ వేయలేదు. శరభయ్య మాత్రం పరిశోధనశాల వేసిన విచారణ సంఘానికి 'ఫ్రీజర్ లోపం' అని రాసి సంతకం పెట్టాడు. ఎంత సులువు! నాకు నోరు లేదుగా.

నన్ను పాత ఇనుప కొట్టుకు తోలడానికి ఆటో ఎక్కిస్తుంటే, పైడమ్మ చిన్నోణ్ణి చంకనేసుకుని వచ్చింది. చుక్కలు వేసిన గుర్తుగా వాడి చిటికెన వేలికి నల్ల సిరా ఉంది. ఆ వేలిని పట్టుకుని, ఆవరణ పక్కనే ఉన్న శరభయ్య గది తలుపు ముందు నిలబడింది.

"మా ఈదిలో ఇంకా ఏడిళ్లోళ్లు తలుపులు తియ్యట్లేదు బావూ. మీరే మూయించినారు. మీరే వచ్చి తీయించండి!"

లోపల కుర్చీ కదిలిన చప్పుడైంది. ఆయన బయటికి రాలేదు. ఆటో కదిలేదాకా ఆమె తలుపు బాదుతూనే ఉంది.