పరుగెత్తిన పిల్లను నిలబెట్టకండి

బిట్రగుంట రైల్వే గ్రౌండులో రోజూ తెల్లవారి ఒక ముచ్చట జరిగేది. పరుపులు కుట్టే మౌలా కూతురు ఇర్ఫానా నాలుగు చుట్లు పరుగెత్తి వచ్చేసరికి, ఆమె జేజి సైదాబీ గుప్పిట్లో రాళ్ల ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని ఎదురుచూస్తూ ఉండేది. “కదలబాకమ్మా!” అని మనవరాలిని కొయ్యబొమ్మలా నిలబెట్టి, ముమ్మారు దిష్టి తీసి, ఊరివాళ్ల కళ్లను నోరారా తిట్టి గానీ వదిలేది కాదు. ప్రేమ కూడా ఒక్కోసారి మనిషికి అడ్డం పడుతుందని ఎవరికి తోస్తుంది చెప్పండి!

ఇర్ఫానా కానిస్టేబులు ఉద్యోగానికి రాతపరీక్ష నెగ్గింది. నెల్లూరులో పరుగు పరీక్షకు ఇంక పది రోజులే ఉంది. పదహారు వందల మీటర్లు. అదీ గట్టెక్కితే ఆ వీధిలో ఖాకీ తొడిగే మొదటి ఆడపిల్ల ఆమే.

అందుకని వేగం పెంచింది. ఒకరోజు ప్రాణం పెట్టి పరుగెత్తి వచ్చి, అలవాటు ప్రకారం జేజి ముందు కదలకుండా నిలబడింది. దిష్టి రెండోసారి తిప్పుతుండగానే కళ్లు తేలేసి కూలబడింది. మర్నాడూ అంతే అయింది.

ఇంకేముంది, వీధి వీధంతా వైద్యులైపోయారు.

“ఆడపిల్ల గుండె ఎంతనీ! చెయ్యి పెట్టి చూడన్నా, ఎట్లా దడదడలాడుతుండాదో,” అని పక్కింటి పిచ్చమ్మ బుగ్గలు నొక్కుకుంది.

మౌలా చేతిలో సూది ఆగిపోయింది. “చాల్లేమ్మా. ఉద్యోగం పోతే పోయె. నువ్వుంటే చాలు నాకు,” అన్నాడు.

“నాయనా, పరుగెత్తేటప్పుడు నాకేం కాలా. ఆగినాకనే కళ్లు తిరుగుతుండాయి,” అని ఇర్ఫానా ఏడ్చి మొత్తుకుంది. ఎవరు విన్నారు? తన ఒంటి సంగతి ఆడపిల్ల తానే చెప్పినా మనకు చెవికెక్కదు. పక్కింటివాళ్ల మాటయితే వేదం!

ఇర్ఫానా మాట చెవిన పెట్టింది ఒక్క కరుణాకుమారే. ఆమె ఊళ్లో ఆరోగ్య కేంద్రం నర్సు. ముందు పిల్లను కావలి తీసుకుపోయి డాక్టరుకు చూపించింది. ఈసీజీ తీశారు. గుండెలో ఏ లోపమూ లేదు. మర్నాడు, ఈ ఒక్క రోజుకని మౌలాను ఒప్పించి ఆమె కూడా గ్రౌండుకు వచ్చింది. పిల్ల పరుగు ముగించి, సైదాబీ ఉప్పు పట్టుకుని ముందుకు రాగానే చెయ్యి పట్టుకుని ఆపింది.

“పెద్దమ్మా, పరుగెత్తేటప్పుడు కాళ్లకు నెత్తురు ఎక్కువ కావాల. అందుకే గుండె జోరుగా కొడతాది, కాళ్లలో రక్తనాళాలు వెడల్పవుతాయి. అది జబ్బు కాదు, దాని పని. కిందికి పోయిన నెత్తురు మళ్లా పైకెక్కాలంటే పిక్కలు కదిలి, దాన్ని పిండి పైకి తొయ్యాల. నువ్వేమో టక్కున నిలబెడతా ఉండావు. నెత్తురు కాళ్లలోనే నిలిచిపోయె, తలకు చాలకపోయె. పడిపోక ఏం చేస్తాది?”

సైదాబీ మొహం తెల్లబోయింది. “అయితే నా బిడ్డను పడేసింది నేనేనా?”

“కావాలని చేసినావా ఏంది? దిష్టి తీసుకో, ఎవురొద్దన్నారు? పది నిమిషాలు నడిపించినాక తీసుకో.”

ఆరోజు జేజీ మనవరాలూ కలిసి గ్రౌండంతా నడిచారు. పరుగు ఆగిన క్షణాన నిమిషానికి నూట ఎనభై సార్లు కొట్టుకున్న నాడి, రెండు నిమిషాల నడకలోనే నూట ఇరవైకి దిగింది. ఇంటికి వచ్చి తీరిగ్గా కూర్చున్నాక యాభై ఆరు. మౌలాది చూస్తే డెబ్బై ఎనిమిది!

“రోజూ పరుగెత్తి ఈ పిల్ల గుండె బలపడిందన్నా. ఒక్కోసారికి ఎక్కువ నెత్తురు తోస్తాది, అందుకే తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతాది. మీ ఇంట్లో గట్టి గుండె దీనిదే,” అంది కరుణాకుమారి.

మౌలా ఆ మాటను పిచ్చమ్మకు వినపడేటట్లు ఇంకోసారి చెప్పించుకున్నాడు. “పోమ్మా, పరుగెత్తు. నేనుండా,” అన్నాడు కూతురితో.

నెల్లూరు గ్రౌండులో ఇర్ఫానా గడువులోపే, తన జట్టులో రెండోదిగా గీత దాటింది. దాటి ఆగలేదు. నడుస్తూనే కంచె బయట జేజి పక్కన ఉన్న తండ్రికి చెయ్యి ఊపింది. మౌలా కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, పక్కనున్న వాళ్లందరికీ “మా పాప, మా పాప” అని చూపించాడు.

ఆమె వెనకే ఇంకో పిల్ల రొప్పుతూ వచ్చింది. కంచె ఇవతల నుంచి ఆ పిల్ల తల్లి, “ఆడనే నిలబడమ్మా, కదలబాక!” అని కేక వేసింది.

“నిలబెట్టబాక తల్లీ!” అంటూ సైదాబీ కంచె పట్టుకుంది. “నడువమ్మా, నడువు!”

“గుండె అదురుతుండాదవ్వా పిల్లకు,” అంది ఆ తల్లి కంగారుగా.

సైదాబీ నడుము నిటారు చేసి నిలబడింది.

“అదరనీ. దాని పని అది చేస్తుండాది. అదిగో, మా పిల్లది కూడా అట్నే అదిరింది, గెలిచి నడుస్తుండాది చూడు! ఆడపిల్ల గుండె చిన్నదని ఇన్నాళ్లూ మనమే చెప్పుకున్నాం, వాళ్లెప్పుడూ చెప్పలా. బిడ్డలు పరుగెత్తితే మనం పక్కన నడవాల తల్లీ, అడ్డం నిలబడకూడదు.”