మూస్తే తాళమా, తెరిస్తే తాళమా

భీమడోలు చర్చిలో మత్తయిగారు చాలా ఏళ్లు కీబోర్డు వాయించారు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక ఆ పని ఆయన తమ్ముడి కూతురు క్యాథరిన్ మీద పడింది. వట్లూరులో కాలేజీ లెక్చరరు ఆమె, ఆదివారాలు రైల్లో వస్తుంది.

ఆ కీబోర్డు పాతది. వాయించిన పాటను అరచేతిలో ఇమిడే ఫ్లాపీ డిస్కులో దాచి, బటన్ నొక్కితే మళ్లీ తనే వాయిస్తుంది. మత్తయిగారు చెయ్యి బాగున్న రోజుల్లో వాయించిన పాట ఒక్కటే అలా మిగిలింది. అది మోగుతుంటే ఆయన ముందు బెంచీలో కూర్చుని కుడిచేతి వేళ్లు నిమురుకునేవారు.

పొరపాటున అది చెరిగిపోతుందేమోనని క్యాథరిన్‌కు భయం. డిస్కు మూలన చిన్న కన్నం, దాన్ని మూసే పలక కనిపించాయి. పెదనాన్నను అడిగింది. ఒకప్పుడు తాడేపల్లిగూడెం రైస్‌మిల్లు ఆఫీసులో కంప్యూటరు ఆపరేటరుగా చేసిన మనిషి కదా, తడుముకోకుండా మూసెయ్యమన్నారు. మూస్తే దాని మీద ఎవరూ రాయలేరన్నారు. ఆమె మూసింది. అది చాలదనిపించి కీబోర్డు తెర మీద ‘ప్రొటెక్ట్’ కూడా ఆన్ చేసింది.

తాళం పడిందో లేదో చూద్దామని ఖాళీ పాటను అదే పేరుతో సేవ్ చెయ్యబోయింది. ఉన్నదాని మీద రాయనా అని తెర అడిగింది. ఎలాగూ కుదరదంటుందనుకుని అవునని నొక్కింది. డిస్కు కాసేపు గరగరలాడింది. పని పూర్తయిందని తెర చెప్పింది. ప్లే నొక్కితే ఏమీ వినిపించలేదు.

“మూసెయ్యమన్నాను కదమ్మా,” అన్నారు మత్తయిగారు.

“మూశానండి పెదనాన్నా. చూడండి.”

ఆయన డిస్కును అటూ ఇటూ తిప్పారు. మూసే ఉంది. వేరే ఖాళీ డిస్కు పెట్టి చూశారు. కన్నం మూస్తే రాసింది, తెరిస్తే రాయనంది. తెర మీది ప్రొటెక్ట్ ఎటు తిప్పినా ఒకటే.

చివరికి క్యాథరిన్ ఏలూరులో కీబోర్డులు బాగుచేసే జయకృష్ణకు ఫోన్ చేసింది. తెర మీది తాళం కీబోర్డు లోపలి మెమరీకేనన్నాడతను. డిస్కు సంగతి డ్రైవు చూసుకుంటుంది. కన్నం తెరిచి ఉంటే, తెర మీద ఏం నొక్కినా అది రాయనివ్వదు. పాత పెద్ద ఫ్లాపీలకు అంచున గంటు ఉండేది, దాన్ని స్టిక్కరుతో మూస్తే తాళం. చిన్నవాటికి అది తిరగబడింది.

ఆమె చెప్పింది విని మత్తయిగారు డిస్కును మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. “ఆ స్టిక్కర్లు మా ఆఫీసులో నేనే అంటించేవాణ్ణి,” అన్నారు నెమ్మదిగా.

క్యాథరిన్ ఏడ్చింది. ఆయన కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాగమని, ఎడమచెయ్యి కీబోర్డు మెట్ల మీద పెట్టారు. కుడిచేతి భాగం ఆమె వాయించింది. సాయంత్రం దాకా కూర్చుంటే డిస్కులో ఒక పాట తయారైంది.

తర్వాతి ఆదివారం దాన్ని పెట్టారు. రెండో చరణం దగ్గర వాయింపు తడబడితే పాడేవాళ్లు ఒక తాళం దెబ్బ వెనకబడి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తడబడింది ఎవరి చెయ్యని క్యాథరిన్ చెవిలో అడిగితే, మత్తయిగారు కాసేపు విని, తనకూ తెలియడం లేదన్నారు.