మెత్తని పగడాలకు ఎంత వెలుతురు

సౌదీలో జిజాన్‌లోని ఆ అక్వేరియం అంగడికి వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది ఒకటే అడుగుతారు: ఉన్నవాటిలో పెద్ద లైటు ఏది? ఆ మాట వింటే మహబూబ్ బాషాకు ఒళ్ళు మండేది. పగడాలేమైనా పెళ్ళి పందిరా, సీరియల్ లైట్లతో ముంచెత్తడానికి! ప్రాణమున్న జీవాలవి. అందులోనూ మెత్తని పగడాలు, లావుపాటి కాడ మీద పుట్టగొడుగులా నిలబడి, ఒళ్ళంతా సన్నని వేళ్ళు చాపుకుని నీళ్ళలో ఊగేవి. వాటికి కావలసింది ఓ మోస్తరు వెలుతురు, అదీ నీలం పాలు ఎక్కువగా. పన్నెండేళ్ళుగా ఈ సంగతి చెప్పీ చెప్పీ అతని నాలుక అరిగిందే గానీ, ఒక్కడి బుర్రకూ ఎక్కలేదు.

బాషాది కడప పక్కన చెన్నూరు. తండ్రి తమలపాకు తోట చేసేవాడు. ఆకుతీగకు అవిసె చెట్ల నీడ కావాలి. ఎండ నేరుగా తగిలిన చోట ఆకు పాలిపోతుంది, నీడ మరీ చిక్కబడితే తీగ సాగదు. ఏ కొమ్మ నరకాలో, ఏది ఉంచాలో తండ్రి వెనకాల తిరిగి నేర్చుకున్నాడు. నీళ్ళలోని పగడానికీ అదే లెక్కని అంగడిలో చేరిన మొదటి ఏడే అతనికి తెలిసిపోయింది. కొత్త పగడం వచ్చిన రోజు లైటును జానెడు పైకెత్తి, బాగా తగ్గించి పెట్టి, వారం వారం కొంచెం కొంచెంగా పెంచుతాడు. అతని చేతిలో పడ్డ పగడం తెల్లబడి చచ్చిందన్న మాట ఎవరూ వినలేదు.

ఇక అంగడిలో రెండో పనివాడు జునైద్. హైదరాబాద్ మలక్‌పేట వాడు, వచ్చి రెండేళ్ళయింది. ఫోన్లో వీడియోలు చూసి కెల్విన్, స్పెక్ట్రమ్, పార్ వాల్యూ అని మూడు మాటలు పట్టుకున్నాడు. గుమ్మంలోకి వచ్చిన ప్రతివాడి నెత్తినా వాటినే అక్షింతల్లా చల్లేవాడు. విన్నవాడికి ముక్క అర్థమయ్యేది కాదు, అందుకని మహా పండితుడనుకునేవాడు. బాషా, జునైద్ ఉర్దూలో మాట మొదలుపెట్టి తెలుగులో పోట్లాడుకునేవారు.

"అది గట్టి పగడాల లైటప్పా. మెత్తన వాటి మింద పెడితే మాడిపోతాయి," అనేవాడు బాషా.

"నీది పాత జమానా భాయ్. కస్టమర్ చూడంగనే దిమ్మ తిరగాలె. నీ లైటు జీరో బల్బు లెక్క ఉంటది, ఎవడు కొంటడు?"

"దిమ్మ తిరిగేది వానికి, సచ్చేది పగడం. సిగ్గుండల్ల నీకు!"

జునైద్ నవ్వి, ఫోన్ తీసి మరో వీడియో పెట్టుకునేవాడు.

రెండు వేల పద్దెనిమిది మొదట్లో, పరదేశి పనివాడికి తలకింతని యజమాని సర్కారుకు కట్టే లెవీ పెరిగింది. ఇంతమంది సౌదీలకు పని ఇవ్వాలనే నితాకత్ లెక్కలో అంగడి తప్పి, పసుపు రంగులో పడింది. యజమాని అబూ నాసిర్ జీతాల పట్టీలో ఒక సౌదీ పేరు ఎక్కించాడు. ఆ పేరుగల మనిషి మొహం అంగడిలో ఎవరూ చూసిన పాపాన పోలేదు. ఇన్ని వేషాలు వేసినా లెక్క కుదరక, ఒకరోజు పనివాళ్ళిద్దరినీ పిలిచాడు.

"ఇద్దరికీ లెవీ కట్టడం నావల్ల కాదు. ఒకరికే ఇకామా రెన్యువల్. రెండోవాడికి ఖురూజ్, ఇంటికి పోవడమే. ఈ వారం రెండు కొత్త ట్యాంకులు పెట్టాలి. చెరొకటి పెట్టండి. నెల చూసి చెప్తాను."

బాషా వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. కూతురు ఆస్మా తిరుపతిలో నర్సింగు చదువుతోంది, ఇంకా ఒక్క ఏడాది ఉంది. ఆ ఏడాది తన ఇకామా, ఈ దేశంలో ఉండనిచ్చే ఆ కార్డు, నిలబడితే చాలు, తర్వాత ఎటైనా పోనీ. చెన్నూరులో తోట తెగులొచ్చి ఎప్పుడో పోయింది. యాభై దాటినవాణ్ణి అక్కడ పనిలో పెట్టుకునేదెవరు? అంతలోనే ధైర్యం తెచ్చుకున్నాడు. పందెం పగడాల మీదైతే ఆ మలక్‌పేట మాటల పోగు తన ముందు నిలవగలడా!

ఒకే తొట్టిలోని పగడాలను ఇద్దరూ సగం సగం పంచుకున్నారు. బాషాకు వచ్చింది ఒక రిటైరైన హెడ్మాస్టరు ఇల్లు. ట్యాంకు మీద మామూలు లైటు పెట్టి, పైకెత్తి, తెల్ల వెలుతురు బాగా తగ్గించి, నీలం కొంచెం ఉంచాడు. హెడ్మాస్టరు మూతి విరిచాడు. "ఇంతేనా?" అన్నాడు. "నెల ఓపిక పట్టండి," అన్నాడు బాషా.

జునైద్‌కు వచ్చింది ఒక కాంట్రాక్టరు కొత్త విల్లా. అంగడిలో అన్నిటికన్నా ఖరీదైన లైటు తగిలించి, తెలుపూ నీలం రెండు బటన్లూ చివరిదాకా తిప్పాడు. వెలుగు చూసి కాంట్రాక్టరు చప్పట్లు కొట్టాడట. ఆ వీడియో జునైద్ వారం రోజులు ఊరంతా చూపించాడు. ట్యాంకు పెట్టాడా, స్టేడియం కట్టాడా అని బాషా పగలబడి నవ్వాడు.

పదో రోజుకే కాంట్రాక్టరు ఇంట్లో పగడాలు వేళ్ళన్నీ లోపలికి లాక్కుని మూతులు ముడుచుకున్నాయి. పదిహేనో రోజుకు ఉడకబెట్టిన గుడ్డులా తెల్లబడ్డాయి. జునైద్ ఏం తడుముకోలేదు. నీళ్ళు వేడెక్కాయని చిల్లర్ అమ్మాడు, నీళ్ళలో బలం లేదని మందు సీసాలు అమ్మాడు, చచ్చినవాటి స్థానంలో కొత్త పగడాలు అమ్మాడు. అవీ తెల్లబడితే ఇంకోసారి అమ్మాడు. తప్పు లైటుదని మాత్రం పొరపాటున కూడా అనలేదు.

హెడ్మాస్టరు ఇంట్లో పగడాలు అరచేయంత విచ్చుకున్నాయి. ఆయన సాయంత్రాలు కుర్చీ వేసుకుని వాటి ముందే కూర్చుంటున్నాడని ఆయన భార్య ఫోన్ చేసి మరీ చెప్పింది. బాషా ఆ రాత్రి ఆస్మాకు ఫోన్ చేసి, ఏమీ దిగులు పెట్టుకోవద్దన్నాడు.

నెల తిరిగాక అబూ నాసిర్ బాషాను పిలిచాడు.

"ఖురూజ్ నీకు," అన్నాడు.

 "నా పగడాలు చూశావా?" అన్నాడు బాషా.

"చూశాను. బ్రహ్మాండంగా ఉన్నాయి. నీ హెడ్మాస్టరు నెలంతా ఒక్క ఉప్పు డబ్బా కొన్నాడు. పన్నెండేళ్ళ నుంచీ నీ కస్టమర్లంతా ఇంతే, ఒకసారి కొని మళ్ళీ గుమ్మం తొక్కరు. జునైద్ కస్టమరు రోజు మార్చి రోజు వస్తాడు. లెవీ కట్టేది నేను కదా, నువ్వే చెప్పు, ఎవరిని ఉంచుకోను?"

ఇంత అన్యాయాన్ని అంత మామూలుగా, ఉల్లిగడ్డల ధర చెప్పినట్టు చెప్పాడు. తన పనితనమే తన కొంప ముంచిందని అర్థమయ్యేసరికి బాషాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆస్మాకు ఏం చెప్పాలో తోచలేదు.

రెండు రోజుల తర్వాత యజమాని కారు పంపించాడు, తన ఇంటికి రమ్మని. అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలో గోడ పొడవునా కొత్త ట్యాంకు, నిండా మెత్తని పగడాలు. పక్కనే విప్పని లైటు పెట్టెలు నాలుగు.

"వెళ్ళేలోపు ఇది నీ చేత్తోనే పెట్టాలి," అన్నాడు అబూ నాసిర్. "జునైద్‌ను నా ఇంటి గడప ఎక్కనివ్వను. పగడాలు చస్తే నా మనవరాళ్ళు ఏడుస్తారు."

బాషా ఒక పెట్టె మీది టేపు చించాడు. ఊళ్ళో వాళ్ళ పిల్లలకు కన్నీళ్ళు లేవా? ఖరీదైన లైటు తీసి, రెండు బటన్లూ చివరిదాకా తిప్పి పోదామనుకున్నాడు. చేయి అక్కడిదాకా వెళ్ళింది కూడా. కానీ ఎదురుగా పగడం అప్పుడప్పుడే ఒక్కో వేలూ చాపుతోంది. దానితో తనకేం పగ? తిట్టుకుంటూనే చిన్న లైటు తీసి, జానెడు పైకి వేలాడదీసి, తెలుపు తగ్గించి, నీలం సరిచేశాడు.

అబూ నాసిర్ వంగి చూసి మురిసిపోయాడు. జేబులోంచి ఫోన్ తీసి, ఖురూజ్ కాగితం అప్పటికప్పుడు పంపేశాడు. బాషా ఫోన్ టింగుమంది.

"శభాష్! ఫ్లైటుకు ఇంకా వారం ఉంది కదా. ఈ విద్య జునైద్‌కు కూడా నేర్పి వెళ్ళు."

బాషా తన స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకున్నాడు.

"వద్దులే ముదీర్," అన్నాడు వచ్చీరాని అరబీలో. "వాడు కూడా నేర్చుకుంటే, వాణ్ణీ పంపేయాల్సి వస్తుంది నీకు."