ఎంత దూరంలో కూర్చుంటారు?

సబ్రాన్‌ని పెళ్లి చేసుకుని ఆ నీటి మీది ఇంటికి వచ్చిన కొత్తలో రుస్మినాకి పగలంతా కలలో ఉన్నట్టే ఉండేది. నదుల ఊరు బంజర్‌మాసిన్‌లోనే పుట్టి పెరిగినా ఆమె ఇన్నాళ్లూ రోడ్డు పక్క ఇళ్లలోనే బతికింది. ఈ ఇల్లు ఏటిలో పాతిన ఉలిన్ కర్ర గుంజల మీద నిలబడి ఉంది. పడవ పోయినప్పుడల్లా నేల సన్నగా ఊగేది, గ్లాసులో టీ వణికేది, నీటి మీది వెలుగు కిటికీలోంచి లోపలికొచ్చి గోడల మీద ఈదేది. మధ్యాహ్నాలు ఆమె చేతిలో కుట్టు పట్టుకుని ఆ వెలుగు వంకే చూస్తూ ఉండిపోయేది. సూది ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకే తెలిసేది కాదు.

ఇద్దరిదీ రెండో పెళ్లి. సబ్రాన్ క్లోతోక్ నడిపేవాడు, డుగడుగమంటూ పోయే మరపడవ. పడవల సంతకి కూరగాయలమ్మే ఆడవాళ్లనీ, కొనేవాళ్లనీ చేరవేసేవాడు. రుస్మినా కూడా ఏళ్ల తరబడి ఆ పడవెక్కిన మనిషే. అతని భార్య నూర్‌లియా జబ్బు చేసి పోయింది. ఈమె భర్త అంతకు ముందే పోయాడు. ఒకరోజు రేవులో ఆమె దిగడానికి చెయ్యి అందించి, సబ్రాన్ దాన్ని వదలకుండా, "బు రుస్మినా, మీకు ఇష్టమైతే ఈ చెయ్యి ఇలాగే పట్టుకుని ఉంటాను" అన్నాడు. వెనకాల గంపలతో ఉన్నవాళ్లు "దిగవమ్మా, దిగు" అని తొందర పెడుతున్నారు. ఆమె సరే అనేసి దిగింది.

పెళ్లయి నెలలు గడిచినా అతనికి ఆమె "బు రుస్మినా"గానే ఉండిపోయింది, ఆమెకి అతను "పాక్ సబ్రాన్", ఇద్దరి నోటా ఆ "గారు" పోలేదు. పడవ కట్టేసి వచ్చాక అతను వీధి గుమ్మంలో ఏటికేసి తిరిగి కూర్చునేవాడు. ఆమె వెనకాల వంటింటి గుమ్మంలో తెల్లబట్ట ఒళ్లో వేసుకుని కూర్చునేది. రంగుల్లో ముంచబోయే ముందు ఆ బట్ట మీద రంగు అంటకూడని చోట కుట్లు వేసి బిగించడం ఆమె పని. ఇద్దరి మధ్యా ఖాళీ హాలు. మాటలు దాని మీదుగానే అటూ ఇటూ పోయేవి.

"పాక్, కాఫీ పెట్టమంటారా?"

"మీకు శ్రమ లేకపోతేనే."

పక్కింటి ఇనూర్‌కి ఇదంతా వినోదం. ఆమె కిటికీకీ వీళ్ల వంటింటి కిటికీకీ మధ్య చెయ్యి చాస్తే అందేంత సందు. "మొగుడూ పెళ్లాలేనా మీరు? ఆఫీసులో గుమాస్తాల్లా ఆ మర్యాదలేంటి! వినలేక చస్తున్నా" అని అరిచేది. రుస్మినా తల వంచుకుని నవ్వుకునేది. సబ్రాన్ దగ్గేవాడు.

ఒక సాయంత్రం సబ్రాన్ ఏటి వంకే చూస్తూ, "టీవీ కొందామా?" అన్నాడు.

"ఇప్పుడెందుకు?"

"ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. నాకా, కబుర్లు చెప్పడం రాదు. అది చెబుతుంది కదా."

మర్నాడు ఇద్దరూ కొట్టుకి వెళ్లారు. గోడ నిండా టీవీలే. అన్నింట్లోనూ ఒకే నీలం సముద్రం, అన్నింట్లోనూ ఒకే పసుపు చేప ఒకేసారి తోక తిప్పుతోంది. రుస్మినా వాటి మధ్య నిలబడి, ఊపిరి బిగబట్టాలేమో అనుకుంది. అక్కడ అమ్మే పిల్ల పేరు ఇంతన్. చొక్కా మీద పేరు చీటీ వంకరగా ఉంది.

"పెద్దది కావాలి" అన్నాడు సబ్రాన్.

"ఎంత పెద్దది పమన్?" అంది ఇంతన్, బాబాయిని పిలిచినట్టు.

సబ్రాన్ రెండు చేతులూ బార్లా చాపాడు. వెనక నుంచి పోతున్న ఒకాయన కళ్లజోడు ఎగిరి కింద పడింది. దాన్ని తీసిచ్చి, తుడిచి, క్షమాపణలు చెప్పడం అయ్యాక ఇంతన్ నవ్వు ఆపుకుంటూ అంది:

"గోడ ఎంత ఉందో కాదు పమన్, మీరు ఎంత దూరంలో కూర్చుంటారో చెప్పండి. దగ్గర కూర్చుని పెద్దది చూస్తే బొమ్మంతా ఒక్కసారి కంటికి ఆనదు, తల అటూ ఇటూ తిప్పుకుంటూ ఉండాలి. దూరం నుంచి చిన్నది చూస్తే మనుషులు చీమల్లా ఉంటారు. ఏడడుగులైతే నలభై మూడు అంగుళాలది హాయిగా ఉంటుంది. తొమ్మిదీ పదీ అయితే యాభై అయిదు. ఇంకా దూరమైతే అరవై అయిదు. అంగుళాలంటే అడ్డంగా కాదు, ఈ మూల నుంచి ఆ మూలకి."

"నేను వీధి గుమ్మంలో కూర్చుంటా" అన్నాడు సబ్రాన్.

"నేను వంటింటి గుమ్మంలో" అంది రుస్మినా.

ఇంతన్ ఒకసారి అతని వంకా, ఒకసారి ఆమె వంకా చూసి, పిన్నిని పిలిచినట్టు పిలిచి అడిగింది: "అది సరే అచిల్. ఇద్దరూ కలిసి కూర్చునేది ఎక్కడ?"

గోడ నిండా చేపలు తోకలు తిప్పాయి. సబ్రాన్ చెవులు ఎర్రబడ్డాయి. "కొలిచి చెబుతాం" అని అతను బయటికి నడిచాడు.

ఇంటికొచ్చి పడవ తాడుతో కొలిచారు. వీధి గుమ్మం నుంచి కిటికీ ఉన్న గోడకి ఏటవాలుగా పన్నెండడుగులు పైనే వచ్చింది. వంటింటి గుమ్మం నుంచి ఇంకాస్త ఎక్కువే. "ఇంకేముంది, అరవై అయిదే" అన్నాడు సబ్రాన్ సంబరంగా. రుస్మినా ఒక నిమిషం ఆలోచించి, కుట్టని తెల్లబట్ట తెచ్చింది. మూల నుంచి మూలకి అరవై అయిదు అంగుళాలు వచ్చేలా మడిచి గోడకి మేకులతో బిగించింది. "నాలుగు రోజులు దీన్ని చూద్దాం పాక్. కళ్లకి నప్పితే అదే తెచ్చుకుందాం."

ఆ బట్ట కిటికీని సగం కప్పేసింది.

"ఏంటమ్మా, సినిమా హాలు పెడుతున్నారా?" అని సందులోంచి ఇనూర్ గొంతు. "నా కిటికీ సీటుకి కూడా టిక్కెట్టు తీసుకుంటారా?"

"మీకు సగం ధరే, ఇనూర్!" అన్నాడు సబ్రాన్.

"సగమే ఎందుకు, ఉచితంగా ఇవ్వు. మీ మర్యాదలన్నీ వింటున్నదాన్ని నేను!"

రుస్మినాకి మాత్రం ఇంట్లోకి ఎవరో పొడుగాటి కొత్త మనిషి వచ్చి నిలబడ్డట్టు ఉంది. వంటింటి గుమ్మంలోంచి చూస్తే మెడ పట్టేసింది. వెలుగు ఇదివరకటిలా ఈదడం మానేసి, బట్ట అంచు దగ్గర తచ్చాడి వెనక్కి పోతోంది. మూడో రోజు మధ్యాహ్నం సూది వేళ్ల మధ్య ఉండగానే ఆమెకి కునుకు పట్టింది. బట్ట మీద బొమ్మలు కదిలాయి. తడిసిన రోడ్డు మీద మొదటి భర్త మోటారు సైకిలు శబ్దం లేకుండా పోయింది. అమ్మ చేటలో బియ్యం ఎగరేసింది, ఆ బియ్యం కిందికి రాలేదు. తర్వాత బట్టంతా ఏరు అయిపోయింది. ఈ కొస ఒడ్డున తనూ, ఆ కొస ఒడ్డున సబ్రానూ, ఇద్దరూ వేలెడంత ఉన్నారు. అతను ఏదో అడుగుతున్నాడు. ఆమెకి నోరు కదలడం కనిపిస్తోంది, మాట అందడం లేదు. సూది గుచ్చుకుని మెలకువ వచ్చింది. తెల్లబట్ట మీద చిన్న ఎర్రచుక్క పడింది.

ఆ సాయంత్రం బట్టని యాభై అయిదుకి మడిచింది. అదీ నప్పలేదు. ఎందుకు నప్పలేదంటే చెప్పలేకపోయింది.

వారం తిరక్కుండానే పున్నమి పోటు వచ్చింది. దానికి తోడు పొద్దున్నుంచీ ఒకటే వాన. ఏరు పొంగి చెక్కల బాట మునిగింది. సబ్రాన్ పడవని గుంజకి రెండు తాళ్లతో కట్టి, తడిసి ముద్దయి ఇంట్లోకొచ్చేసరికి పలకల సందుల్లోంచి నీళ్లు ఊరుతున్నాయి. ఆ ఇంట్లో వీధి గుమ్మమూ వంటిల్లూ హాలు కన్నా ఒక మెట్టు కిందికి ఉంటాయి. ముందు అవే మునిగాయి. ఇద్దరూ బియ్యం డబ్బా, పొయ్యి, కుట్టుబట్టలు, కాఫీ సీసా అన్నీ ఎత్తుకుని హాల్లోకి వచ్చారు. హాల్లోనూ కిటికీకి ఎదురుగోడ వారగా ఒక్క చాప పట్టేంత చోటే పొడిగా మిగిలింది. ఆ చాప మీద, గోడకి వీపు ఆనించి, కాళ్లు ముడుచుకుని, మొదటిసారి పక్కపక్కన కూర్చున్నారు.

అతని దగ్గర డీజిలు వాసనా, వాన వాసనా. ఆమె పొయ్యి వెలిగించి కాఫీ పెట్టింది. వంటింటి నేల మీద జానెడు నీళ్లలో చిన్న కొర్రమీను ఒకటి ఈదుతూ గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"కూర తనంతట తనే నడిచొచ్చింది చూడండి" అన్నాడు సబ్రాన్.

"పాపం, దారి తప్పింది. పోనివ్వండి."

వాన రేకుల మీద ఎంత గట్టిగా కురుస్తోందంటే మాట్లాడాలంటే దగ్గరికి జరగాల్సి వచ్చింది. జరిగారు. ఇద్దరూ ఎదురుగోడ మీది తెల్లబట్టని చూస్తూ కూర్చున్నారు. గాలికి అది నిండుగా ఉబ్బి, మళ్లీ గోడకి అంటుకుంటోంది.

"నూర్‌లియా పోయాక నేనిక్కడ కూర్చోలేదు" అన్నాడు సబ్రాన్ ఉన్నట్టుండి. "గుమ్మంలో అయితే ఇంటికి వీపు పెట్టి కూర్చోవచ్చు. లోపల ఎవరూ లేరని చూడక్కర్లేదు. అదే అలవాటయిపోయింది. ఇప్పుడు మీరున్నారు, అయినా కాళ్లు అక్కడికే పోతాయి."

రుస్మినా గ్లాసుని రెండు చేతులతో పట్టుకుంది. ఈ మనిషికి కబుర్లు చెప్పడం రాదని ఎవరన్నారు?

"నేను వంటింట్లో ఎందుకు కూర్చుంటానో తెలుసా పాక్?" అంది. "వెలుతురు కోసమని మీకు చెప్పాను. అది కాదు. ఇది ఆవిడ ఇల్లు కదా అనిపిస్తుంది. హాల్లో కూర్చోవాలంటే ఎవరైనా రమ్మనాలి అనిపిస్తుంది. వంటిల్లయితే ఎవరినీ అడగక్కర్లేదు."

అతను ఆమె వంక తిరిగి చూశాడు. ఏదో అనబోయాడు. ఇంతలో పైనుంచి చుక్క ఒకటి ఆమె భుజం మీద పడింది.

"ఇటు జరుగు డింగ్, అక్కడ కారుతోంది" అన్నాడు.

భార్యని ముద్దుగా పిలిచే ఆ పిలుపు అనుకోకుండా నోట్లోంచి జారిపడింది. అని, తనే బిత్తరపోయాడు. రుస్మినా నవ్వింది. ఆపుకోలేక, కాఫీ ఒలికేంతగా నవ్వింది. అతనూ నవ్వడం మొదలుపెట్టాడు.

"బతికే ఉన్నారా?" అని సందులోంచి ఇనూర్ కేక.

"ఉన్నాం!" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

వాన వెలిశాక సబ్రాన్ తడి తాడు తీసుకుని ఒక కొస ఆమె చేతికిచ్చాడు. చాప దగ్గర్నుంచి గోడకి ఏడడుగులు, పైన ఒక బెత్తెడు. రుస్మినా నీళ్లలో దిగి నడిచి వెళ్లి బట్టని ఇంకోసారి మడిచింది. కిటికీ మొత్తం బయటపడింది. ఆమె వెనక్కి వచ్చి, అతని పక్కన కూర్చుని చూసింది. తల తిప్పకుండానే అంతా కంటికి ఆనింది.

"దొరికిందా అచిల్, కూర్చునే చోటు?" అంది ఇంతన్, కొట్లో వాళ్లని మళ్లీ చూడగానే.

"ఇంట్లోనే ఉంది" అన్నాడు సబ్రాన్. "నలభై మూడు ఇవ్వమ్మా."

పెట్టెకి ప్లాస్టిక్ చుట్టి పడవలోనే తెచ్చుకున్నారు. బిగించడానికొచ్చిన మనిషి దాన్ని నిలువెత్తున పెట్టబోతే రుస్మినా ఒప్పుకోలేదు. "మేం నిలబడి చూడం బాబూ, చాప మీద కూర్చుంటాం. కళ్ల ఎత్తుకి దించు" అంది. అతను గొణుగుతూనే దించాడు.

ఆ సాయంత్రం ఇనూర్ అరిటాకులో వాడాయ్ పిండివంట పట్టుకుని తలుపు తోసుకుని వచ్చింది. "నా కిటికీలోంచి సగమే కనిపిస్తోంది. కాస్త పెద్దది కొని ఉంటే మీ సొమ్మేం పోయింది?" అని మొహం మాడ్చుకుని చాప మీద మూడో మనిషిగా చతికిలబడింది.

టీవీలో ఎక్కడిదో మంచు దేశం. గడ్డకట్టిన ఏటి మీద ఒకడు స్టూలు వేసుకుని కూర్చుని, మంచుకి బెజ్జం చేసి గాలం వేస్తున్నాడు. సబ్రాన్ నోట్లో వాడాయ్ అలాగే ఉండిపోయింది.

"ఏరు గట్టిపడిపోతుందా? మరి పడవ వాళ్ల సంగతేంటి?"

"నడుస్తారు" అంది ఇనూర్.

"ఏటి మీద నడవడమా!" అని సబ్రాన్ ఆ దేశపు పడవవాళ్లందరి తరఫునా బాధపడ్డాడు. "అంతకన్నా అవమానం ఉంటుందా?"

ఇనూర్ తన ఇంటికి పోయాక కూడా మంచు కురుస్తూనే ఉంది. పగలంతా పడవ నడిపిన అలసటకి సబ్రాన్ తల మెల్లగా వాలి రుస్మినా భుజం మీద ఆగింది. రిమోటు అతని కాలి కింద ఎక్కడో ఉంది. తీయాలంటే అతన్ని లేపాలి. ఆమె లేపలేదు. తెరలో చేప పడలేదు, గాలం వేసినవాడికీ తొందరున్నట్టు లేదు. తెల్లటి వెలుగు చాప మీద, పొయ్యి మీద, సబ్రాన్ పాదాల మీద మెత్తగా పరుచుకుంది. రుస్మినా అతని పాదాల మీదకి పక్కనున్న తెల్లబట్ట లాగి కప్పింది. ఆ దేశంలో చలిగా ఉంటుంది కాబోలు అనుకుంది.