బోనానికి ముందు గోలి

అత్తమ్మ శంకరవ్వ ఒక చేతిలో గోలి, ఇంకో చేతిలో నీళ్ల గ్లాసు పట్టుకుని నా ఎదురుగా నిలబడింది.

"మింగు మంజులా. ఎల్లుండే పెద్దమ్మ తల్లి బోనాలు. బోనం ఎత్తుకునే పూట నెలసరి అస్తె ఏం గావాలె?"

మా ఇంట్లో ఏ పండుగైనా ఇదే తంతు. బోనాలకు, మల్లన్న పట్నం మొక్కుకు, ఆడబిడ్డ పెళ్లికి, ప్రతిసారీ నెలసరి వెనక్కి జరిపే గోలీలు తెచ్చి నాతో మింగించారు. ఎన్నిసార్లని ఊరుకుంటుంది ఒళ్లు? మూడు నెలలుగా నాకు నెలసరే రాలేదు. కడుపు నిలిచిందని అందరూ సంబరపడ్డారు. అదీ కాదని పరీక్షలో తేలింది. ఇక ఈ గోలీలు ముట్టొద్దని లక్సెట్టిపేట డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అప్పుడు అత్తమ్మ నా పక్కనే కూర్చుని ఉంది.

"డాక్టరమ్మ వద్దన్నది గదా" అన్నాను.

"మన మొక్కుల సంగతి ఆమెకేం ఎరుక? తియ్యి, నోరు తెరువు."

గోలి నా పెదవుల దాకా వచ్చింది. పొద్దున్నుంచి గొంతులో దాచుకున్న మాట ఇక ఆగలేదు.

"నాకు పొద్దుగాలనే అచ్చింది అత్తమ్మా."

గ్లాసులో నీళ్లు తొణికి నేల మీద పడ్డాయి.

"పండుగ ముంగటనే రావాల్నా? ఇగ బోనం ఎవరెత్తాలె? పెద్దమ్మకు కోపమొస్తె ఎట్ల?"

"ఎందుకొస్తది కోపం? మూడు నెలల సంది ఇది రావాలని నేను మొక్కింది గా పెద్దమ్మకే."