పులుసు ఊరేలోగా ఒక పాట

"నీ చేతి పులుసు లేకపోతే అది కూడికేనా?" అన్నాడు మొగుడు సమాధానం, అద్దం ముందు నిలబడి మీసం కత్తిరించుకుంటా.

పొగడ్తే. వంటింట్లో చింతపండు పిసుకుతున్న ఎలిశబెతుకి అది పొగడ్తని తెలుసు. ఆ ఇంట్లో ఎవరూ ఆమెకి పని చెప్పరు, పొగుడుతారు, అంతే. 'నీలాగా దోసె ఎవరు పోస్తారు' అంటే ఇంకో నాలుగు పొయ్యమని. 'నీ ఇస్త్రీ చూసి చర్చి అయ్యగారే మెచ్చుకున్నాడు' అంటే రేపటికి చొక్కాలు కావాలని. పెళ్ళైన కొత్తలో ఆ మాటలకి పొంగిపోయేది. ఇప్పుడు ఎవరైనా మెచ్చుకోబోతే ముందు చెయ్యి తుడుచుకుని నిలబడతది, ఏం చెయ్యాలో చెప్పండని.

అయినా ఆమె పులుసు సంగతి వేరే. దాని పేరు కోట మండలం దాటింది. ఆ వాసన గాలికెక్కితే దుగరాజపట్నం దగ్గర వలలో పడ్డ చేపలు కూడా కొట్టుకోవడం మానేసి, 'పోతే పోయినాం గానీ ఆ ఇంటికి పోతే బాగుండు' అనుకుంటాయని ఆమె మామ అబ్రహాము బైబిలు మీద తప్ప అన్నిటి మీదా ప్రమాణం చేస్తాడు. పక్కింటి పిల్లి ఒకసారి ఉపవాస ప్రార్థనలో కూర్చోనుండి, ఆ వాసనకి ఆమెన్ అనకుండానే లేచొచ్చేసిందని కూడా ఆయనే చెప్పినాడు. పిల్లికి ఉపవాసమేంది మామా అంటే, 'మీ అత్త బతికుండగా ఈ వీధిలో పిల్లులకి కూడా భక్తి ఉండేదిలేమ్మే' అన్నాడు.

ఈ శనివారం కూడిక మేడ కోసం. సమాధానం రొయ్యల మేత దుకాణం బాగా నడిచి, ఇంటి మీద మేడ లేచింది. ఇల్లు కట్టినా, పిల్ల పాసైనా, జబ్బు నయమైనా, అయ్యగారినీ సంఘాన్నీ పిలిచి, పాటలు పాడి, దేవునికి కృతజ్ఞత చెప్పి, అందరికీ భోజనం పెట్టడం వాళ్ళలో అలవాటు. కృతజ్ఞత మొగవాళ్ళు చెప్తారు. భోజనం ఆడవాళ్ళు పెడతారు.

"శనివారం నేను నెల్లూరు పోతానని పోయినవారమే చెప్పినాను గదండీ," అంది ఎలిశబెతు.

"ఏ శనివారం?"

"ఈ శనివారమే. అబిగయీలు పాటకి."

"ఓ, అదా!" కత్తెర మీసం రెండోవైపుకి తిప్పినాడు. "నీ వాయించుడు ఎప్పుడైనా వాయించుకోవచ్చు. అయ్యగారు మళ్ళా దొరకడు. సభలకి పోతున్నాడంట."

ఎప్పుడైనా కుదరదు. పియానో ఉండేది నెల్లూరులో, నరేంద్రబాబు అనే ఆయన ఇంట్లో. పాటలు రికార్డు చేస్తాడు. నిజమైన పియానో, కొయ్యది, తీగలున్నది. ఆదివారం దాన్ని లారీ ఎక్కించి మద్రాసు తీసుకెళ్ళిపోతున్నారు. శనివారం వాయిస్తే వాయించినట్టు, లేకపోతే లేదు. ఇదంతా పోయినవారం వివరంగా చెప్పింది. సమాధానం ఊఁ అన్నాడు. ఆయన ఊఁ ఫ్యాన్ చప్పుడు లాంటిది, తిరుగుతానే ఉంటది, దానికి వినపడదు.

పాట కూతురు అబిగయీలుది. హైదరాబాదులో ఉద్యోగం, హాస్టల్లో గది. పనయినాక పాటలు కట్టి పాడి ఫోన్లో పెడతది, వినేవాళ్ళు బాగానే ఉన్నారు. ఈసారి కట్టింది ఇల్లు గుర్తొచ్చి పాడే పాట. డ్రమ్ములు లేవు, గిటార్లు లేవు. పియానో ఒక్కటి మెల్లగా నడుస్తుంటే దాని పక్కనే గొంతు నడవాల.

*ఈ ఊరి వానకి మన వాకిలి వాసన లేదమ్మా,
ఈ గది గోడకి నా పేరింకా తెలియదమ్మా...*

"పియానో నువ్వే వాయించాల," అనింది కూతురు ఫోన్లో. "కంప్యూటర్లో కొట్టి చూసినాను. పళ్ళు కట్టించుకున్నోళ్ళ నవ్వులాగా ఉందమ్మా, తెల్లగా ఉంది గానీ నవ్వు లేదు. నీ చెయ్యే కావాల."

నీ చెయ్యే కావాల. పొగడ్తలన్నిటికీ చెయ్యి తుడుచుకుని నిలబడే మనిషి, ఆ మాటకి మాత్రం తడిచేతులతోనే కూర్చుండిపోయింది.

ఆ చేతికి వాయించడం నేర్పింది బిట్రగుంట. ఎలిశబెతు నాయన రైల్వేలో ఫిట్టరు. కాలనీలో వీళ్ళ క్వార్టరు వెనక వీధిలో ఒక ముసలి దొరసాని ఉండేది, అందరూ మిస్సమ్మ అనేవాళ్ళు. ఆమె ఇంట్లో పియానో. ఎలిశబెతు ఆమెకి పాలు తీసుకపోయి ఇచ్చేది, ఆమె ఈ పిల్లని పక్కన కూర్చోబెట్టుకునేది. రైలు పోతుంటే పియానో సన్నగా వణికేది, మిస్సమ్మ వాయించడం ఆపి, రైలు దాటినాక అదే చోట మొదలుపెట్టేది. 'ఆగితే తప్పు కాదు బేబీ, ఎక్కడ ఆగినావో మర్చిపోతే తప్పు' అనేది ముక్కుతో మాట్లాడతా.

పెళ్ళై కోటకొచ్చినాక మొదటి వానాకాలంలో ఎలిశబెతుకి బెంగపట్టుకుంది. అన్నం దిగేది కాదు. పొయ్యి దగ్గర ఏడుస్తుంటే అత్త చూసి, కోప్పడలేదు పాపం, ఆశ్చర్యపోయింది. 'ఇంట్లోనే ఉండి ఇల్లు గుర్తొచ్చిందంటావేందమ్మే? ఇదే గదా నీ ఇల్లు!' సమాధానం పక్కనుండి నవ్వినాడు. 'పుట్టింటి బెంగ జలుబులాంటిది. మందేస్తే వారం, వెయ్యకపోతే ఏడు రోజులు.' అందరూ నవ్వినారు, ఆమె కూడా నవ్వింది. తర్వాత నాయన రిటైరైనాడు. రైల్వే క్వార్టరు సొంతిల్లు కాదు గదా, తాళం ఇచ్చేసి వచ్చేసినారు. మిస్సమ్మ పోయింది. నాయనా అమ్మా కూడా పోయినారు. ఆ వాకిట్లో ఇప్పుడెవరి చెప్పులున్నాయో కూడా తెలియదు. తలుచుకోవడానికి ఇల్లు లేదు, తలుచుకోవద్దన్న ఇల్లు మాత్రం రోజుకు మూడుసార్లు ఆకలేసి పిలుస్తది.

కూతురి పాట మొదటిసారి గిన్నెలు తోముకుంటా వినింది. పాటలో పులుసు వాసన ఉంది, దీపం పెట్టిన వాకిలి ఉంది, దుప్పటి కప్పే చెయ్యి ఉంది. ఆ పాటలో గుర్తొచ్చే ఇల్లంతా తనే. సమాధానం ఊరెళ్తే గుర్తొచ్చేదీ తన కూడే, తన పరుపే, తన నీళ్ళే. ఇల్లు అని అందరూ కళ్ళు తుడుచుకునేది తన ఒంటి అలుపునే. సంతోషమే, కాదని ఎవరన్నారు? కానీ ఇల్లు తనే అయినప్పుడు, ఆ ఇంటికి దూరంగా పోయి బెంగపడే భాగ్యం ఆమెకి ఎట్ట వస్తది? గోడకి ఇల్లు గుర్తొస్తదా?

ఈ ఆలోచనలో ఒకే గిన్నెని రెండుసార్లు తోమింది.

శుక్రవారం మధ్యాహ్నం చేపలొచ్చినాయి, పెద్ద పెద్ద వంజరాలు. స్వర్ణ వచ్చి ముక్కలు కోసింది. స్వర్ణ రేవు నుంచి చేపలు తెచ్చి వీధుల్లో అమ్మే మనిషి, కూడికలకీ పెళ్ళిళ్ళకీ చేపలు కోసిపెడతది. అన్నం, కూరలు రేపు వంటోళ్ళు చేస్తారు. పులుసు మాత్రం ఎలిశబెతే, అదీ ముందురోజే. నెల్లూరు పులుసు పొయ్యి దిగంగానే తినేది కాదు. రాత్రంతా దబరలో కూర్చోవాల, చింతపండూ మామిడికాయా చేపా ఒకదాని మాట ఒకటి వినాల, అప్పుడు దానికి పులుసని పేరు.

సాయంత్రానికి దించింది. మెంతిపొడి చల్లి మూత పెట్టింది. మూత మీద చెయ్యి పెట్టి అట్టనే నిలబడింది.

ఇంక దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. గరిటె పెట్టి కదిపితే ముక్క విరిగిపోతది. రేపు మధ్యాహ్నం దాకా దీనికి మనిషి అక్కర్లేదు. మనిషి లేకపోతేనే బాగుంటది! మరి ఇన్నేళ్ళూ కూడిక రోజు తెల్లారి నుంచీ ఆ దబర పక్కన తను ఎందుకు నిలబడింది? పులుసు కోసం కాదు. 'ఎలిశబెతక్కా, ఏం చేసినావు పులుసు!' అని జనం అంటుంటే పక్కన సమాధానం నవ్వడానికి. పులుసుతోపాటు తననీ చూపించడానికి.

పెద్దగా నవ్వొచ్చింది ఆమెకి. స్వర్ణ కత్తిపీట కడుగుతా తలెత్తింది. "ఏందక్కా?"

"ఏం లేదు స్వర్ణా. రేపు వడ్డనకి ఉంటావా?"

"ఉండమంటే ఉంటా. నువ్వు?"

"నేను ఊరెళ్తున్నా."

స్వర్ణ కత్తిపీట గోడకి ఆనించింది. "పోయిరాక్కా," అనింది. "పొయ్యేటప్పుడు మాత్రం తల స్నానం చేసి పో. నీ దగ్గర వాసనకి బస్సెంబడి పిల్లులొస్తాయి."

అన్నాల దగ్గర చెప్పింది. "పులుసు అయిపోయింది. నేను పొద్దున మొదటి బస్సుకి నెల్లూరు పోతున్నానండీ."

సమాధానం ముద్ద దించినాడు. "తమాషాగా ఉందా? వడ్డించేదెవరు?"

"స్వర్ణ ఉంటది. మీ చెల్లెళ్ళిద్దరూ ఉన్నారు. మీకూ చేతులున్నాయి."

"ఇంటి ఇల్లాలు లేకుండా కూడికేంది? అయ్యగారు అడిగితే ఏం చెప్పాల నేను?"

"నేను చెప్తాలేరా," అన్నాడు అబ్రహాము, వేపుడు ముక్కలో ముల్లు తీసి పళ్ళెం అంచున పెడతా. "మీ అమ్మ ఒకసారి నామీద అలిగి తిమింగలం ఎక్కి కృష్ణపట్నం పోలేదా? మూడోనాటికి అదే దించిపోయింది. బైబిల్లో యోనాకి చెల్లింది, మా కోడలికి చెల్లదా అంటా."

"నువ్వుండు నాయనా! పరువు పోతదని నేనంటుంటే—"

"పరువు పోదండీ," అనింది ఎలిశబెతు. గొంతు ఆమె అనుకున్నదానికంటే మామూలుగా వచ్చింది. "పులుసు బాగుంటే చాలు జనానికి. అది బాగుంటది. నేను అడగడం లేదు, చెప్తున్నా."

సమాధానం చెయ్యి కడుక్కుని పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దున ఆమె చీర కట్టుకుంటుంటే కూడా అట్టనే గోడని చూస్తా ఉన్నాడు, నిద్రపోయే మనిషెవరూ అంత కదలకుండా పడుకోరు. బస్టాండు దాకా సంచి మోసుకొచ్చింది అబ్రహామే. బస్సు కదిలేటప్పుడు కిటికీలోకి తల పెట్టి, "గట్టిగా వాయించమ్మే, ఇక్కడికి వినపడాల," అన్నాడు. ఆయన మాటల్లో ప్రమాణం లేకుండా వచ్చింది అదొక్కటే.

నరేంద్రబాబు మేడగదిలో పియానో ముందు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. చర్చిలో కీబోర్డు ప్రతి ఆదివారం వాయిస్తది, అది సేవ. ఇది ఎవరికీ సేవ కాదు. వేలు పెడితే కొయ్య లోపల ఎక్కడో ఏదో లేచి నిలబడినట్టయింది. ముందురోజే హైదరాబాదు నుంచి వచ్చి నెల్లూరులో స్నేహితురాలి గదిలో దిగిన అబిగయీలు అద్దం అవతల పాడింది, ఆమె వాయించింది. ఒక్క తప్పు పోలేదు.

నరేంద్రబాబు బాగుందమ్మా అన్నాడు. అబిగయీలు మాత్రం బయటికొచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"చెయ్యి బాగుందమ్మా. కానీ ఆదివారం స్తోత్రగీతం లాగుంది. బెంగ లేదు ఇందులో."

"బెంగ యాడనుంచి తేవాలమ్మే?" అనింది ఎలిశబెతు. అబద్ధం చెప్పలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. అబ్రహాము. "అమ్మే, అయ్యగారు మూడోసారి పులుసు వేయించుకున్నాడు. ఆ బరువుకి కొత్త మేడ ఒక పక్కకి వంగింది. మేమందరం రెండోపక్కన నిలబడి సరిచేసినాం!" ఆయన వెనక ఇల్లు వినపడుతోంది. కుర్చీలు లాగుతున్నారు. పెరట్లో కొళాయి కారుతోంది, దాని వాషరు ఎప్పుడూ అంతే. ఎవరో అలవాటుగా "ఎలిశబెతక్కా, నీళ్ళు!" అని కేకేసినారు. ఎవరో "అక్క లేదు, నెల్లూరు పోయింది" అన్నారు. స్వర్ణ పెద్దగా నవ్వుతోంది. ఇన్నేళ్ళలో ఆ ఇల్లు బయట్నుంచి ఎట్ట వినపడతదో ఆమె ఎప్పుడూ వినలేదు. ఎప్పుడూ ఆ చప్పుడు లోపలే ఉంది, ఆ చప్పుడులో సగం తనే.

ఫోన్ చేతులు మారింది. సమాధానం గొంతు సర్దుకున్నాడు. "తిన్నావా?"

ఆ మాట ఆయన ఎప్పుడూ అడగలేదు. అడిగే పని లేదు, తిన్నదీ లేనిదీ కళ్ళెదురుగానే ఉండేది. చూసేవాడు కాదు, అంతే.

"తింటానండీ," అనింది.

"ఊఁ... ఆ పెద్ద దబర మూత యాడ పెట్టాలా అని... కాదులే. సరే."

ఫోన్ పెట్టేసినాడు. ఎలిశబెతు ఫోన్ పియానో మీద పెట్టింది. మామ ముల్లు సరిగ్గా తీసుకున్నాడో లేదో. కొళాయి కింద బకెట్టు పెట్టినారో లేదో. ఆయన ఎందుకో మూత సంగతి అడగబోయి ఆపేసినాడు. బెంగ వచ్చింది, కొత్తదేం కాదు, ఎప్పుడో పొయ్యి దగ్గర మింగిందే. ఇదా! ఎన్నాళ్ళైంది! ఎవరూ నవ్వకుండా, ఎవరూ మందు చెప్పకుండా ఇది రావడానికి రెండు గంటల బస్సు ప్రయాణం చాలునా? ఆమెకి ఏడుపుకన్నా ముందు కృతజ్ఞత వచ్చింది. మామకీ, స్వర్ణకీ, రైలు పొయ్యేదాకా ఆగిన ముసలి వేళ్ళకీ. తన చెయ్యి కావాలన్న పిల్లకీ. మేడ కోసం దేవునికి చెప్పేది ఆయన అక్కడ చెప్పుకుంటాడు. తను చెప్పుకునేది ఇక్కడుంది.

"ఇంకోసారి వాయిస్తా," అనింది.

ఈసారి అబిగయీలు రెండో చరణం దగ్గర పాడలేక ఆగిపోయింది. ఎలిశబెతు ఆగి, పిల్ల ముక్కు తుడుచుకునేదాకా చూసి, అదే చోట మొదలుపెట్టింది. నరేంద్రబాబు ఏ మీటా ముట్టుకోకుండా తల వంచుకుని కూర్చున్నాడు.

బయటికొచ్చేసరికి సాయంత్రం. అబిగయీలు ఫోన్లో టైము చూసింది. "గబగబా పోతే కోట బస్సు దొరుకుతదమ్మా. నాయన ఎదురుచూస్తుంటాడు."

"నువ్వు దిగిన నీ స్నేహితురాలి గదిలో ఇంకో మనిషికి చోటుంటదా?"

"నీకా? ఉంటది. ఏందమ్మా, వాళ్ళ మీద కోపమా?"

"కోపం కాదే," అనింది ఎలిశబెతు, కొంగుతో కళ్ళొత్తుకుని నవ్వుతా. "నాకు ఇల్లు గుర్తొస్తోంది. ఇంకో రెండు రోజులు గుర్తు రానీ."