ఈకలో సీసం

గోదావరి గట్టు తెగిన వరదకు అది మూడో ఏడు. నేను ఒక గాజు గొట్టాన్ని, చేతికర్ర పొడవు ఉంటాను. నన్ను ఊది చేసినవాడు నా కడుపులో ఒక నాణెం, ఒక ఈక వేసి రెండు కొసలా ఇత్తడి మూతలు బిగించాడు. నాలో గాలి తోడేసి తిరగేస్తే రెండూ కలిసి పడాలి. గాలి ఉంటే అది అడ్డుపడి ఈక వెనకబడాలి. నేను పుట్టింది అందుకే. గాలి తోడించుకునే రాత మాత్రం లేకపోయింది.

నేను ఈ లంక ఊరి హైస్కూలుకు వచ్చిన నెలలోనే వరద. అటెండరు నూకరాజు నన్ను దూలం మీదికెక్కించి, నాతో వచ్చిన గాలి తోడే పంపును మరిచాడు. అది ఒండ్రు తాగి మళ్ళీ గాలి లాగలేదు. మనుషులు దేవుణ్ణి చూపించమని అడగరు. కరుణాకరం మేస్టారు ఈ పాఠం చెప్తే మాత్రం పిల్లలు "చూపించండి" అంటారు. ఆయనా ఎన్నడూ చూసినవాడు కాదు.

"రేపటితో రిటైరవుతున్నాను. ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలు, నూకరాజూ."

"సూత్తారండి," అన్నాడు నూకరాజు. మూడో తరగతితో చదువాపినవాడు. మాట తక్కువ.

ఆ సాయంత్రం పంపుకు ఆముదం పట్టించాడు. లాగలేదు. తన చేపల వలకు బరువుగా కట్టిన సీసం ముక్క కోసి, ఈక కాడలో దూర్చి, మైనంతో మూసి, "పంపు బాగైందండి" అని మేస్టారికి చెప్పాడు.

మర్నాడు మేస్టారు చెమటలు కక్కుతూ పంపు కొట్టి నన్ను తిరగేశాడు. నాణెం, ఈక కలిసి టప్పుమన్నాయి. పిల్లలు చప్పట్లు. మేస్టారి కళ్ళలో నీళ్ళు. గుమ్మంలో నూకరాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. మేస్టారు కదా, ఆగలేదు.

"ఇప్పుడు గాలి వదులుతాను. ఈక ఎలా వెనకబడుతుందో చూడండి."

మూత వదులు చేసి తిరగేశాడు. కలిసే పడ్డాయి.

"గాలున్నా లేపోయినా ఒకటేనేటండీ? మరి ఇన్నాళ్ళూ సెప్పిందంతా ఉత్తిదేనా?" అంది మేరీరత్నం, వెనక బెంచీ నుంచి. క్లాసంతా గొల్లుమంది.

మేస్టారు ఈకను తీసి కాడ నొక్కి చూశాడు. గుమ్మం వైపు చూశాడు.

"మీరు సూత్తారనండి..." అన్నాడు నూకరాజు.

మేస్టారు తిట్టినా బాగుండేది. "ఇక వీళ్ళు నన్ను నమ్మరురా," అన్నాడంతే. దండలకు కూడా ఆగకుండా సాయంత్రం లాంచీ ఎక్కి వెళ్ళిపోయాడు.

తెల్లవారితే ఆదివారం. నూకరాజు గది తెరిచాడు. ఊడవలేదు. ఈకలోంచి సీసం పీకేసి, నాలో వేసి తిరగేశాడు. నాణెం టప్పున పడింది. ఈక ఊగుతూ, తీరిగ్గా దిగింది.

"సూడండి," అన్నాడు ఖాళీ బల్లలతో. "మేస్టారు సెప్పిందే నిజం."

నన్ను మళ్ళీ తిరగేశాడు.